మన చిన్న కంప్యూటరుకు రెండో గ్రాఫిక్స్ కార్డు అవసరమా?



వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాయమని తమ్ముళ్ళు ఫోన్ చేసినప్పుడు మొదట ఒక కవిత రాద్దామనుకున్నాను. ఇంటర్ నుంచి డిగ్రీ దాకా ఐదేళ్ళు ఈ హాస్టల్ అన్నం తిన్నవాణ్ణి, రాయడానికి జ్ఞాపకాలకు కొదవ లేదు. కానీ ఈ ఏడాది మన హాస్టల్‌లో అందరి నోటా నానిన మాట ఒక్కటే. అది "కంప్యూటరుకి రెండో కార్డు". దాని మీద నేను మొదట ఒక మాట చెప్పాను. మూడు రోజుల తర్వాత ఆ మాట మార్చాను. మాట మార్చినవాడు కారణం చెప్పాలి కదా. అందుకే కవిత మానుకుని ఈ వ్యాసం రాస్తున్నాను.

సంగతి తెలియని పాత మిత్రుల కోసం ముందు కొంచెం చెబుతాను. రెండేళ్ళ క్రితం పూర్వ విద్యార్థులు చందాలు వేసుకుని హాస్టల్‌కు ఒక కంప్యూటరు కొన్నారు. ఏదో ఆఫీసులో కొన్నాళ్ళు వాడి తీసేసిన సన్నని పెట్టె అది. రెండు లావుపాటి నిఘంటువులు పక్కపక్కన నిలబెట్టినంత ఉంటుంది. లోపల ఆరు కోర్ల ప్రాసెసర్, 8 జీబీ ర్యామ్, పాత హార్డ్ డిస్కు, 4 జీబీ మెమరీ ఉన్న ఒక పొట్టి గ్రాఫిక్స్ కార్డు ఉన్నాయి. మొన్న దసరా సెలవుల్లో అందరం కలిసినప్పుడు మళ్ళీ 24,000 రూపాయలు పోగయ్యాయి. ఈ డబ్బుతో ఏం చేద్దామని అడిగితే, తమ్ముళ్ళు ఒక్క గొంతుతో రెండో గ్రాఫిక్స్ కార్డు అన్నారు. "నువ్వు కంప్యూటర్లు చదువుతున్నావు కదా, ఏటంటావు?" అని పెద్దలు నన్ను అడిగారు. నేను ఎచ్చెర్ల అంబేద్కర్ విశ్వవిద్యాలయంలో పి.జి. చేస్తున్నాను. మా ఇంట్లో డిగ్రీ పాసైన మొదటివాణ్ణి నేనే. కావున ఇటువంటి ప్రశ్నలకు "తెలియదు" అనడం నాకింకా అలవాటు కాలేదు. "కొనేద్దాం" అనేశాను.

ఆ డబ్బు ఎక్కడినుంచి వచ్చిందో మనందరికీ తెలుసు. అందులో ఒక అన్న హైదరాబాదులో సెక్యూరిటీ గార్డు, ఒక అన్న చెన్నైలో సెంట్రింగు పని, ఇద్దరు టీచర్లు, ఒకరు కానిస్టేబులు. ఐదువందలు ఇచ్చినవారున్నారు, రెండు వేలు ఇచ్చినవారున్నారు. ఇంటికి వచ్చాక నిద్ర పట్టలేదు.

అసలు కార్డు చేసే పని ఏమిటి?

పొందూరులో ఉన్నాం కనుక ఊరి ఉదాహరణే చెబుతాను. వాలుగ చేప దవడతో పత్తిని దువ్వి, ఏకులు చేసి, రాట్నం మీద సన్నని నూలు వడికే ఆడవాళ్ళను మనం చూస్తూనే ఉంటాం. నూరో నంబరు, ఆ పైన నూలు ఇక్కడ చేత్తో తీస్తారు. నేత వేరే పని. మగ్గం ముందు కూర్చున్నవాడు ఒక్కడే పడుగు చూసుకోవాలి, పేక చూసుకోవాలి, అంచు చూసుకోవాలి, తెగిన పోగు కలపాలి. కంప్యూటరులో ప్రాసెసర్ ఈ నేతగాడి వంటిది. రకరకాల పనులను ఒకదాని తర్వాత ఒకటి తెలివిగా చేస్తుంది. గ్రాఫిక్స్ కార్డు వందల రాట్నాలు వరసగా పెట్టిన సాల వంటిది. ప్రతి రాట్నమూ అదే పని చేస్తుంది, కానీ అన్నీ ఒక్కసారే తిరుగుతాయి. బొమ్మలోని లక్షల చుక్కలకు రంగు కట్టడం, వేల అంకెలను ఒకే రకంగా గుణించి కూడడం వంటి పనులకు ఇది సరిపోతుంది. ఇప్పుడు అందరూ చెప్పుకుంటున్న కృత్రిమ మేధ పని కూడా చాలావరకు ఈ గుణకార సంకలనాలే.

రాట్నాల పక్కన ఏకుల గంప ఉండాలి. ఆ గంపే కార్డు మీది మెమరీ. మన కార్డుకు గంప 4 జీబీ. రాట్నాలు ఎంత జోరుగా తిరిగినా, గంపలో పట్టనిది వడకలేవు.

ఇప్పుడు రెండో కార్డు అంటే ఏమిటి? పక్క వీధిలో ఇంకో సాల పెట్టడం. అక్కడా రాట్నాలుంటాయి, అక్కడా ఒక గంప ఉంటుంది. పని రెండింతలు అవుతుందని మనకు వెంటనే తోస్తుంది. కానీ పత్తి అక్కడికి మోసుకుపోవాలి, వడికిన చిలపలు మళ్ళీ ఒకచోటకు తేవాలి, రెండు చోట్లా ఒకే నంబరు నూలు వస్తోందా అని చూసుకోవాలి. ముఖ్యంగా, రెండు చిన్న గంపలు పక్కపక్కన పెడితే ఒక పెద్ద గంప అయిపోదు. 4 జీబీ కార్డు పక్కన మరో 4 జీబీ కార్డు పెడితే 8 జీబీ అవుతుందని నేనూ డిగ్రీలో ఉన్నప్పుడు నమ్మాను. చాలా పనులకు అది నిజం కాదు. ఒక నమూనాకు రెండు కార్డులతో శిక్షణ ఇచ్చేటప్పుడు, ఆ నమూనా మొత్తం రెండు కార్డుల్లోనూ విడివిడిగా ఉండాలి. అవి పంచుకునేది ఫోటోలను మాత్రమే. నమూనాయే 4 జీబీలో పట్టకపోతే రెండో కార్డు చూస్తూ కూర్చుంటుంది. దీనికి ఒక మినహాయింపు ఉంది, దాన్ని తర్వాత చెబుతాను.

ఆటల సంగతి కూడా ఇక్కడే తేల్చేస్తాను. ఎవరూ కాగితం మీద రాయలేదు గాని, అందరి మనసులోనూ అదే ఉందని నాకు తెలుసు! రెండు కార్డులు జోడించి ఆటలు ఆడే పద్ధతికి పెద్ద చరిత్రే ఉంది. 1998లో త్రీడీఎఫ్ఎక్స్ అనే కంపెనీ వూడూ-2 కార్డులతో దీన్ని తెచ్చింది. ఒక కార్డు సరి గీతలు, రెండోది బేసి గీతలు గీసేవి. ఆ కంపెనీ పోయాక ఎన్‌విడియా 2004లో అదే ఎస్.ఎల్.ఐ. అనే పేరుతో మళ్ళీ తెచ్చింది. 2005లో ఏటీఐ వారు క్రాస్‌ఫైర్ అన్నారు. ఈ కాలానికి పద్ధతి మారింది. ఎక్కువగా ఒక ఫ్రేము ఒక కార్డు, తర్వాతి ఫ్రేము రెండో కార్డు గీసేవి. లెక్కకు ఫ్రేములు పెరిగేవి గాని, అవి సమాన వ్యవధిలో వచ్చేవి కావు. అందువల్ల కంటికి బొమ్మ తడబడినట్టు కనిపించేది. పైగా ప్రతి ఆటకూ ప్రత్యేకంగా సర్దుబాట్లు రాయాల్సి వచ్చేది. చివరకు 2021 జనవరి 1 నుంచి పాత కార్డులకు కొత్త ఎస్.ఎల్.ఐ. సర్దుబాట్లు ఇవ్వబోమని ఎన్‌విడియా ముందే ప్రకటించింది. 2022లో వచ్చిన ఆర్.టి.ఎక్స్. 4090కి రెండు కార్డులను కలిపే వంతెన పెట్టే చోటే లేదు. కనుక ఆటల కోసం రెండో కార్డు కొనడమంటే మూతబడిన సినిమా హాలుకు టిక్కెట్టు కొన్నట్టే.

మూత తీసి చూస్తే

మాట ఇచ్చిన మూడో రోజు ఆదివారం. స్క్రూడ్రైవరు, పిల్లల జామెట్రీ బాక్సులోని స్కేలు పట్టుకుని పొందూరు వచ్చి, కంప్యూటరు మూత తీశాను. కార్డు కొనాలా వద్దా అనే ప్రశ్నకు సగం జవాబు అక్కడే దొరికింది. ఈ పని నేను మాట ఇవ్వకముందే చేసి ఉండాల్సింది.

సన్నని ఆఫీసు పెట్టెల్లో పొట్టి కార్డులే పడతాయి. మామూలు కార్డు ఎత్తు సుమారు 11 సెంటీమీటర్లు, పొట్టి కార్డు సుమారు 7. మన మదర్‌బోర్డు మీద గ్రాఫిక్స్ కార్డు పెట్టదగిన స్లాట్లు రెండు ఉన్నాయి. ఒకటి 16 దారులది, రెండోది 4 దారులది. రెండింటికీ నడుమ రెండు సెంటీమీటర్లు. ఉన్న కార్డు పొట్టిదే గాని లావుపాటిది. దాని ఫ్యాను రెండో స్లాటును పూర్తిగా కప్పేసింది. అనగా స్లాటు ఉంది, అందులో పెట్టే దారి లేదు. బస్సులో సీటు ఖాళీగా ఉండి, దాని మీద ఎవరిదో మూట ఉన్నట్టన్నమాట.

"రైజర్ కేబుల్ వేసి కార్డును బయట పెట్టొచ్చు కదన్నా" అన్నాడు డిగ్రీ రెండో ఏడాది తమ్ముడు. వీడియోలు బాగా చూస్తాడు. పెట్టొచ్చు. అప్పుడు కరెంటు ఎక్కడిది అన్నది ప్రశ్న. ఇద్దరం కూర్చుని లెక్క వేశాం. మన పెట్టెలోని ఎస్.ఎం.పి.ఎస్. మీద 200 వాట్లు అని రాసి ఉంది. ప్రాసెసర్ 65 వాట్లది, గట్టిగా పని పడితే కాసేపు అంతకన్నా ఎక్కువే లాగుతుంది. బోర్డు, ర్యామ్, డిస్కు, ఫ్యాన్లు కలిపి 30 అనుకుందాం. ఉన్న కార్డు 75. మొత్తం 170. మిగిలింది 30. స్లాటు ద్వారా ఒక కార్డు తీసుకోగల గరిష్ఠం 75 వాట్లు, అంతకు మించితే విడిగా తీగ కావాలి. రెండో కార్డు 75 వాట్లదే అయినా మొత్తం 245 అవుతుంది. 200 ఇచ్చేదాని దగ్గర 245 అడగడం. పెద్ద ఎస్.ఎం.పి.ఎస్. వేద్దామంటే, ఈ ఆఫీసు పెట్టెల్లో దాని ఆకారం, దాని పిన్నులు వేరు. బజారులో దొరికే మామూలుది పట్టదు.

ఈ చోట నా సొంత అనుభవం ఒకటి చెప్పాలి. సిగ్గుగానే ఉంది. పి.జి.లో చేరిన కొత్తలో గదిలో ఒక పాత చిన్న కంప్యూటరు ఉండేది. దానికి సెకండ్ హ్యాండులో 120 వాట్ల కార్డు ఒకటి 6,200 రూపాయలకు కొన్నాను. అది అమ్మ కట్టిన చీటీ డబ్బు. అమ్మ ఊడ్పులకు, కోతలకు వెళ్తుంది. ఆ కార్డుకు విడిగా ఆరు పిన్నుల తీగ కావాలి, నా ఎస్.ఎం.పి.ఎస్.కు అది లేదు. హార్డ్ డిస్కుకు ఇచ్చే సాటా తీగ నుంచి ఆరు పిన్నులకు మార్చే చిన్న ముక్క నూట యాభైకి దొరికితే తెచ్చి తగిలించాను. మూత పట్టకపోతే తెరిచే ఉంచాను. ఇరవై నిమిషాలకు ప్లాస్టిక్ కాలిన వాసన వచ్చింది. స్విచ్ తీసేసరికి సాటా పిన్ను కరిగి అతుక్కుపోయింది, ఎస్.ఎం.పి.ఎస్. చనిపోయింది, కార్డూ మళ్ళీ లేవలేదు. తర్వాత చదివితే తెలిసింది. సాటా పిన్ను 12 వోల్టుల దగ్గర నాలుగున్నర ఆంపియర్లు, అంటే 54 వాట్లు మాత్రమే మోయగలదు. ఆరు పిన్నుల తీగ 75 వాట్లు లాగవచ్చు. బిందెతో పోస్తే గిద్దెలో పడుతుందా? అమ్మకు చెబితే, "పోన్లే బావూ, పాడయ్యింది సామానే గదా. నీకేటీ అవ్వనేదు" అంది. తిట్టి ఉంటే బాగుండేదనిపించింది.

ఆ అనుభవం ఉండి కూడా దసరాకు "కొనేద్దాం" అన్నాను. అదే నాకు నిద్ర పట్టకపోవడానికి కారణం.

వేడి గురించి ఎక్కువ చెప్పనక్కరలేదు. పెట్టెలోకి వెళ్ళిన ప్రతి వాటూ చివరకు వేడిగానే బయటకు రావాలి. రెండు వందల వాట్లు అంటే పాత రోజుల వంద వాట్ల బల్బులు రెండు ఆ సన్నని పెట్టెలో వెలిగించినట్టు. రెండు కార్డులు ఆనుకుని ఉంటే ఒకదాని వేడి గాలి రెండోది పీలుస్తుంది. కార్డు ఒక హద్దు దాటి వేడెక్కితే తనంతట తానే వేగం తగ్గించుకుంటుంది. మే నెలలో మన గదుల్లో మనుషులే వేగం తగ్గించుకుంటాం కదా! డబ్బు పోసి కొన్న రెండో కార్డు మొదటిదాన్ని కూడా నెమ్మది చేస్తుందన్నమాట. యు.పి.ఎస్. సంగతీ ఉంది. మనది 600 వి.ఎ., అంటే సుమారు 360 వాట్లు. లోడు పెరిగే కొద్దీ బ్యాటరీ నిలిచే నిమిషాలు తగ్గిపోతాయి. కరెంటు పోయినప్పుడు చేసిన పని దాచుకుని మెషీన్ ఆపడానికి ఆ నిమిషాలే ఆధారం. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను చూసిన జిల్లా మనది, బ్యాటరీ విలువ మనకు ఎవరూ చెప్పనక్కరలేదు.

నాలుగు దారుల స్లాటు మంచిదా కాదా అనే దాని మీద మాత్రం చాలామంది అనవసరంగా భయపడతారు. మూడో తరం పీసీఐ ఎక్స్‌ప్రెస్‌లో 16 దారులు సెకనుకు సుమారు 16 జీబీ మోస్తే, 4 దారులు సుమారు 4 జీబీ మోస్తాయి. పని ఒకసారి కార్డులోకి వెళ్ళి అక్కడే నడిచేదైతే, ఉదాహరణకు ఒక బొమ్మను పది నిమిషాలు రెండరు చేయడమైతే, ఈ తేడా పెద్దగా తెలియదు. రెండు కార్డులు కలిసి ఒకే నమూనాకు శిక్షణ ఇస్తుంటే తెలుస్తుంది. రెస్‌నెట్-50 అని బొమ్మలు గుర్తుపట్టే ప్రసిద్ధ నమూనా ఉంది. అందులో సుమారు రెండున్నర కోట్ల అంకెలుంటాయి. ఒక్కొక్కటి 4 బైట్లు, మొత్తం 100 ఎంబీ. ప్రతి అడుగులోనూ రెండు కార్డులు ఆ 100 ఎంబీ దిద్దుబాట్లు ఒకదానికొకటి చెప్పుకోవాలి. 4 జీబీ దారిలో ఒక వైపు ప్రయాణానికే సెకనులో నలభయ్యో వంతు పడుతుంది. అడుగు మొత్తం సెకనులో ఐదో వంతు పట్టేదైతే, ఇది భరించలేనిది కాదు గాని, రెండింతల వేగం మాత్రం రాదు. కనుక మనకు అడ్డు స్లాటు దారులు కాదు. చోటు, కరెంటు, గాలి.

మరి పని ఎందుకు నెమ్మదిగా ఉంది?

ఇక్కడిదాకా విని తమ్ముడు ముఖం చిన్నబుచ్చుకున్నాడు. తర్వాత ఒక మాటన్నాడు. "నీకు యూనివర్సిటీలో ల్యాబుందన్నా. మాకు ఇదొక్కటే ఉంది. మాకు వద్దని నువ్వెలగంటావు?" నాకు జవాబు దొరకలేదు. వాడన్నది న్యాయమే. పెట్టెలో పట్టదని చెప్పడం సులువు. వాళ్ళ పని ఆగిపోతోందన్న మాట దానితో తీరిపోదు. అప్పుడు ఇద్దరం మూత మూసి, మెషీన్ ఆన్ చేసి, ఆగిపోయే పనులను ఒక్కొక్కటీ నడిపించి చూశాం. కార్డు ఎంత పని చేస్తోంది, ఎంత మెమరీ నిండింది అన్నది సెకను సెకనుకూ చూపే చిన్న కమాండు ఎన్‌విడియా డ్రైవరుతోనే వస్తుంది. ఎన్‌విడియా-ఎస్.ఎం.ఐ. అంటారు. కొనే ముందు ఇది ఒక గంట చూస్తే చాలు, ఎంతో డబ్బు మిగులుతుంది.

మొదట నా పని పెట్టాం. నా ప్రాజెక్టు పొందూరు ఖద్దరు మీదే. ఫోనుకు చిన్న భూతద్దం తగిలించి బట్టను దగ్గరగా ఫోటో తీస్తే, అది చేత్తో వడికిన నూలా, మిల్లు నూలా అని కంప్యూటరు చెప్పగలదా అన్నది ప్రశ్న. చేతి నూలులో పోగు కొంచెం లావు, కొంచెం సన్నం అవుతూ ఉంటుంది, మిల్లు నూలు ఒకే తీరుగా ఉంటుంది. 1,800 ఫోటోలు పోగు చేశాను. ఇంకా సరిగ్గా చెప్పలేకపోతోంది, అది వేరే కథ. ఆ శిక్షణ హాస్టల్ మెషీన్ మీద రాత్రంతా నడిచేది. రెండో కార్డు కావాలని నాకూ ఆశ ఉండేది, దాచుకోవడం ఎందుకు. కమాండు పెట్టి చూస్తే కార్డు పని శాతం సున్నా, తొంభై, సున్నా, సున్నా, ఎనభై, సున్నా అని కొట్టుకుంటోంది! సగానికి పైగా సమయం కార్డు ఖాళీగా కూర్చుంటోంది. ఫోనులో తీసిన పెద్ద పెద్ద ఫోటోలను పాత హార్డ్ డిస్కు నుంచి చదివి, విప్పి, చిన్నవి చేసి ఇచ్చేసరికి ప్రాసెసర్‌కు ఊపిరాడటం లేదు. రాట్నాలు సిద్ధంగా ఉన్నాయి, ఏకులు అందడం లేదు. ఇటువంటి చోట ఇంకో సాల పెడితే అదీ ఖాళీగానే ఉంటుంది. ఫోటోలన్నీ ఒక్కసారి చిన్నవి చేసి విడిగా దాచాను. రాత్రంతా పట్టే శిక్షణ మూడు గంటల్లో అయిపోయింది. ఖర్చు సున్నా. పి.జి. చదువుతున్నవాణ్ణి, ఇది ముందే తోచాల్సింది.

తర్వాత తమ్ముళ్ళ బ్లెండరు పని. ఇద్దరు కుర్రాళ్ళు త్రీడీ బొమ్మలు నేర్చుకుంటున్నారు. మగ్గం బొమ్మ ఒకటి భలే చేశారు. ఇక్కడ కార్డు తొంభై ఏడు శాతం దాకా నిజంగానే కష్టపడుతోంది. కొన్ని సీన్లలో మెమరీ 4 జీబీ నిండి ఆగిపోతోంది. రెండో కార్డు న్యాయంగా పనికొచ్చే చోటు ఇటువంటిదే. బ్లెండరులోని సైకిల్స్ ఒకే బొమ్మ పనిని రెండు కార్డులకూ పంచగలదు. ఒకే రకం కార్డులైతే సమయం దాదాపు సగమవుతుంది. అయినా సీను మొత్తం ప్రతి కార్డు గంపలోనూ పట్టాలి. మెమరీ చాలక ఆగే సీను రెండు కార్డులున్నా ఆగుతుంది. కనుక వీళ్ళకు అసలు కావాల్సింది రెండో చిన్న కార్డు కాదు, గంప పెద్దదైన ఒకే కార్డు.

అటువంటివి పొట్టి పెట్టెలకూ ఉన్నాయి. 2024 ఫిబ్రవరిలో వచ్చిన ఆర్.టి.ఎక్స్. 3050 - 6 జీబీ రకం 70 వాట్లే, పొట్టి నమూనాలకు విడిగా తీగ అక్కరలేదు. 2021లో వచ్చిన ఆర్.టి.ఎక్స్. ఏ2000 కూడా 70 వాట్ల పొట్టిదే, అందులో 6 జీబీ, 12 జీబీ రెండు రకాలూ ఉన్నాయి. రెండోది ఖరీదైనది.

మొదట చెప్పిన మినహాయింపు ఇప్పుడు చెబుతాను. తెలుగులో ప్రశ్న అడిగితే జవాబిచ్చే పెద్ద భాషా నమూనాలను సొంత మెషీన్ మీద నడపాలనుకుంటే, లామా.సీపీపీ వంటి సాఫ్ట్‌వేర్లు నమూనాను పొరలుగా విడదీసి కొన్ని పొరలు ఒక కార్డులో, మిగిలినవి రెండో కార్డులో పెడతాయి. ఇక్కడ మాత్రం రెండు గంపలు కలిపి వాడుకోవచ్చు. ఒక పొర పని అయ్యాక రెండో కార్డుకు పంపే సరుకు చాలా తక్కువ కనుక నాలుగు దారుల స్లాటూ చాలు. వేగం రెండింతలు కాదు, పట్టనిది పడుతుంది. ఇద్దరు విద్యార్థులు రెండు వేర్వేరు పనులు ఒకేసారి నడుపుకోవాలన్నా రెండు కార్డులు మేలే. అయితే వీటన్నిటికీ పెద్ద క్యాబినెట్టు, 650 వాట్ల వంటి ఎస్.ఎం.పి.ఎస్., దూరం దూరంగా ఉన్న స్లాట్లు ఉండాలి. మన పెట్టె అది కాదు.

డబ్బు లేకుండా రెండు కార్డులు వాడుకునే దారి కూడా ఒకటుంది. కాగుల్ అనే సైటులో ఫోను నంబరుతో ధ్రువీకరించుకున్న విద్యార్థికి వారానికి సుమారు 30 గంటలు ఉచితంగా గ్రాఫిక్స్ కార్డు ఇస్తారు. 16 జీబీ మెమరీ ఉన్న టీ4 కార్డులు రెండు ఒకేసారి ఎంచుకోవచ్చు. నా శిక్షణలో చివరి భాగం అక్కడే నడిపాను. దానికి నెట్ కావాలి, మన దగ్గర ఫోను హాట్‌స్పాటే దిక్కు. చిన్నవి చేసిన ఫోటోలు కనుక ఎక్కించగలిగాను. కేంద్ర మంత్రివర్గం 2024 మార్చిలో ఆమోదించిన ఇండియా ఏఐ మిషన్ కింద కూడా తక్కువ ధరకు ఇటువంటి కార్డులు అద్దెకిచ్చే ఏర్పాటు జరిగింది. అది పెద్ద ప్రాజెక్టులకు పనికొచ్చేది.

ఇవన్నీ పెద్దలకు ఫోన్ చేసి చెప్పాను. ఒక అన్నకు కోపం వచ్చింది. "పిల్లలకి అందరి ముందూ మాటిచ్చేసినాం కదరా. ఇప్పుడు కాదంటే ఏటనుకుంటారు?" అన్నాడు. ఆ కోపం నా మీద రావలసిందే. చివరకు అందరం ఒప్పుకున్నది ఇది. పాత హార్డ్ డిస్కు తీసి 500 జీబీ ఎస్.ఎస్.డి. వేశాం, 3,800 రూపాయలు. సెకండ్ హ్యాండు 8 జీబీ ర్యామ్ ఇంకొకటి, 2,600. ఈ మధ్య ర్యామ్ ధరలు మండుతున్నాయి, లేకుంటే ఇంకా తక్కువకే వచ్చేది. యు.పి.ఎస్.కు కొత్త బ్యాటరీ 1,100. మొత్తం 7,500. మిగిలిన 16,500 పూర్వ విద్యార్థుల ఖాతాలోనే ఉంది. మెషీన్ పక్కన ఒక వంద పేజీల నోటుపుస్తకం వేలాడదీశాం. పని ఆగినప్పుడల్లా తేదీ, ఏ పని, తెర మీద ఏమని వచ్చింది అన్నది రాయాలి. వేసవి సెలవుల ముందు ఆ పుస్తకం చూసి, మెమరీ చాలకే ఆగుతోందని తేలితే ఉన్న కార్డు తీసి అమ్మి, పెద్ద మెమరీ ఉన్న కార్డు ఒక్కటే కొంటాం. రెండు కార్డుల ఆలోచన పెద్ద క్యాబినెట్టు వచ్చిన నాటికి.

ఈ వ్యాసం రాసే ముందు నోటుపుస్తకం ఫోటో తీసి పంపమన్నాను. రెండు నెలల్లో 37 సార్లు రాశారు. అందులో కరెంటు పోయినవి 19, నెట్ లేక ఆగినవి 12, మెమరీ చాలక ఆగినవి 6. ఆరింటిలో ఐదు బ్లెండరువి, ఒకటి నాది. ఆరోదాని పక్కన ఆ డిగ్రీ తమ్ముడి చేతిరాతతో, "ఇంకా వస్తాయి అన్నా, సూస్తూండు" అని ఉంది.